కుళాయి ఊడి చేతికొచ్చాక

మొన్న శ్రావణంలో మా అమ్మ బాత్రూంలో జారింది. పడలేదు. పడబోతూ కుళాయి పట్టుకుంది, ఆ కుళాయి కాస్తా ఊడి చేతికొచ్చింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి గోడలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆవిడ మాత్రం బజార్లో వంకాయ చూసినట్టు ఆ కుళాయిని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "పుచ్చిపోయిందే! మీ నాన్న ఉండగా వేయించింది," అంది.

ప్లంబరు వచ్చి చూసి, అయిదు నిమిషాల పనన్నాడు. కుళాయి మర విరిగి సగం గోడలోనే ఉండిపోయింది. దాన్ని తియ్యబోతే ఎల్బో కదిలింది. ఎల్బో విప్పబోతే పైపు పగిలింది. పాత జీఐ పైపు. కొన్నప్పుడు ముప్పావంగుళం, ఇప్పుడు లోపల తుప్పు పేరుకుని పెన్సిలు దూరేంత సందు. మరల దగ్గర చుట్టిన జనుము, దాని మీద పూసిన సఫేదా మాత్రం అలాగే ఉన్నాయి. "ఇప్పటి టేపు ఇన్నాళ్ళుండదమ్మా," అంటూ ఆ పీచుని వేలితో నిమిరాడు. ఆ తర్వాత నింపాదిగా అసలు సంగతి చెప్పాడు. గోడంతా తవ్వాలట.

తెనాలిలో మా ఇల్లు 1956లో కట్టింది. ఆంధ్రప్రదేశ్‌కీ మా ఇంటికీ ఒకటే ఈడని తాతయ్య గొప్పగా చెప్పుకునేవాడు. రాష్ట్రం రెండయింది గాని ఇల్లు, వాటాదారులు ఎంత కొట్టుకున్నా, ఇంకా ఒకటిగానే ఉంది. సున్నంతో కట్టిన పద్నాలుగంగుళాల గోడలు. వాటిలో ఏ పైపు ఎటు పోతుందో చెప్పే కాగితం ముక్క లేదు. చివరికి అమ్మే ఉపాయం చెప్పింది. బకెట్టు నీళ్ళలో గుప్పెడు పసుపు కలిపి తూములో పోయించింది. మేమంతా వీధి కాలవ దగ్గర కాపలా కాశాం. కాలవలోకి సగమే వచ్చింది. మిగతా సగం పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పచ్చగా తేలింది. ఆ చెట్టు ఊళ్ళో ఎవరి చెట్టూ పెరగనంత ఏపుగా ఎందుకు పెరిగిందో అప్పుడర్థమైంది. ఆ పూట చారులో కరివేపాకు వెయ్యలేదు.

టైల్స్ కొట్టుకి వెళ్తే కుర్చీలు వేసి, టీ తెప్పించి, నీలంలోనే పదకొండు రకాలు చూపించారు. తాపీ మేస్త్రి వాటి వంక కన్నెత్తి చూడలేదు. ఆయన గొడవంతా వాలు గురించే. అడుక్కి పావంగుళం వాలు ఉంటేగాని నీళ్ళు నడవవట. ఇంట్లో గచ్చు కడప బండలది. ఇన్నేళ్ళలో మధ్యలో కుంగి, నీళ్ళు అక్కడే నిలిచి నాచు పట్టింది. అమ్మ జారింది సరిగ్గా ఆ నాచు మీదే. మా అక్క ఫోన్లో వాస్తు చెప్పింది, తమ్ముడు లెక్కలు చెప్పాడు. పడిన నీళ్ళు ఎటు పోవాలో మేస్త్రి ఒక్కడే చెప్పాడు.

తూము దగ్గర పెట్టే దాన్ని పనివాళ్ళు నానీ ట్రాప్ అంటారు. నాని ఎవరా అనుకునేదాన్ని. మరాఠీలో న్హాణీ అంటే స్నానాల గది, ఆ మాటే ఇలా ఊళ్ళు తిరిగి మన దాకా వచ్చింది. దాని అడుగున రెండంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. మురుగు వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకునేవి ఆ నీళ్ళే. నెలల తరబడి తాళం పెట్టిన ఇంట్లో కంపు కొట్టేది అవి ఆవిరైపోవడం వల్ల. ఊరెళ్ళి వచ్చినవాళ్ళు ముందు చెయ్యాల్సిన పని అగరొత్తి వెలిగించడం కాదు, ఒక చెంబుడు నీళ్ళు పొయ్యడం.

కమోడ్ దగ్గర అమ్మతో రెండు రోజులు పట్టింది. మోకాళ్ళు వంగడం మానేసి ఆరేళ్ళయినా, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవడం ఆవిడకి మనస్కరించదు. పట్టుకోడానికి గోడకి స్టీలు రాడ్డు మాత్రం ఒప్పుకుంది. సున్నపు గోడలో మేకు నిలవదనీ, ఆ మేర తవ్వి కాంక్రీటు పొయ్యాలనీ మేస్త్రి అన్నాడు. అలా తవ్వుతుంటేనే బయటపడింది, వెనక గోడ అడుగున, మూరెడు వెడల్పు చదరం. దాని ఇటుకలు వేరు, సిమెంటు వేరు. ఎవరో తర్వాత మూసిన కంత.

మన భాషలో ఆ పనికి వెళ్ళడాన్ని దొడ్డికి వెళ్ళడం అన్నాం. దొడ్డి అంటే పెరడు. ఇంటికి ఎంత దూరమైతే అంత మంచిదని ఆ మాటలోనే ఉంది. 1981లో సెప్టిక్ ట్యాంకు కట్టించి, పెరటి మూలనున్న పాయిఖానాకీ ఇంటికీ మధ్య కప్పు వేసి కలిపేసినప్పుడు, వంటింటి గోడకి అదేమిటని నాయనమ్మ ఒక పూట అన్నం మానేసింది. అంతకు ముందు ఫ్లష్షూ లేదు, ట్యాంకూ లేదు. గోడకి ఆ వైపున సందు ఉండేది. తెల్లారకుండానే ఒకావిడ ఆ సందులోంచి వచ్చి, ఈ కంతలోంచి ఎత్తుకుపోయేది. ఆ సందుకి ఒక పేరుండేది. ఆ మనుషుల కులాన్నీ పనినీ కలిపి పిలిచే మాట అది. ఇప్పుడు రాయడానికి నాకు చెయ్యి రాదు. అప్పుడు మాత్రం నోటికి బాగానే వచ్చేది. ఆ పని చేయించడం నేరమంటూ పార్లమెంటు చట్టం చేసింది 1993లో, అంటే మా కంత మూసిన పన్నెండేళ్ళకి. చాలక 2013లో మరో చట్టం తేవాల్సి వచ్చింది.

"ఆవిడ పేరేమిటమ్మా?" అన్నాను.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. కాపురానికి వచ్చింది 1963లో. పద్దెనిమిదేళ్ళ లెక్క.

"ఏమోనే. ఎప్పుడూ పిలవలేదుగా."

కంత మూసేనాటికి నాకూ పద్నాలుగేళ్ళు. నాకూ తెలియదు.

మేస్త్రి ఇటుకలు ఊడదీసి, చెయ్యి లోపలికి పెట్టి చూశాడు. మొహం విప్పారింది. "నాలుగంగుళాల పైపుకి గోడ తొలవక్కర్లేదమ్మా, దారి రెడీగా ఉంది. ఒక పూట కూలి మిగిలింది మీకు," అన్నాడు. ఆయనకి ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆ దారి ఎందుకుండేదో అడగలేదు, నేనూ చెప్పలేదు. మర్నాటికి పైపు అందులోంచే పోయింది.

ఆ రాత్రి పదకొండింటికి అమ్మ పిలిచింది, బాత్రూం లేదు కదా, పక్కింటికి తోడు రమ్మంటుందేమోనని లేచాను. మంచం మీద కూర్చుని ఉంది.

"నేను లోపల్నుంచి నీళ్ళు పోసేదాన్నే," అంది. "ఆవిడ చెయ్యి ఒక్కటే కనిపించేది. ఆకుపచ్చ గాజులుండేవి."