సాగర్ నీళ్ల మీద

మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. వానలు బాగా పడ్డ ఏడు కావడంతో నాగార్జున సాగర్ నిండుగా ఉంది. పూర్తి మట్టం 590 అడుగులు. ఆ మట్టానికి నీళ్లు దగ్గర పడ్డప్పుడు ఇక్కడ కృష్ణ నదిలా కనిపించదు, కొండల నడుమకి సముద్రం చొచ్చుకొచ్చినట్టుంటుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట వెనకే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోయింది. ముంపు రాకముందు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. దొరికిన కట్టడాల్లో కొన్నింటిని పక్కనున్న కొండ మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఆ కొండ పైభాగమే ఇప్పుడు దీవి. లాంచీలు అక్కడికే వెళ్తాయి.

రేవులో కళాసీ ఒకాయన లైఫ్ జాకెట్లు అందిస్తున్నాడు. మా పిన్ని తనది చేతికి తగిలించుకుని, "ఎక్కాక వేసుకుంటాలే బాబూ" అంది.

"ఎక్కాక కాదమ్మా, ఇక్కడే. పట్టీలన్నీ బిగించుకున్నాకే లాంచీ ఎక్కేది."

మా అక్క కొడుక్కి పెద్దవాళ్ల జాకెట్టు వచ్చింది. ఆయన వాడి భుజాల దగ్గర దాన్ని పట్టుకుని పైకి లాగి చూశాడు. జాకెట్టు చెవుల దాకా లేచింది. "నీళ్లల్లో పడితే ఇది తేలుద్ది, పిల్లోడు కిందికి జారిపోతాడు" అంటూ లోపలికెళ్లి చిన్న సైజుది వెతికి తెచ్చాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. జాకెట్టును సీటు మీద దిండులా వేసుకు కూర్చునేవాళ్లని, ఫొటో కోసం విప్పేసేవాళ్లని చాలా చోట్ల చూశాను. లాంచీ ఒరిగాక పట్టీలు వెతుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. ఈత వచ్చినా, తడిసిన చీరా ప్యాంటూ కాళ్లకి చుట్టుకుంటే, పక్కవాళ్లు భయంతో మెడ పట్టుకుంటే ఆ ఈత ఎంతసేపు?

2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదలో ఉండగా, పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగిన సంగతి లాంచీ ఎక్కిన ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది. పదుల ప్రాణాలు పోయాయి. బతికిన వాళ్లని తమ చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చింది అక్కడి జనమే. కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న బోటును బయటికి తీసింది. ఆ మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు తెరిచారు. సాగర్ అందులో ఒకటి.

లాంచీ నడిమికి వచ్చాక దీవి కనబడింది. పై డెక్కు మీద జనమంతా ఫోన్లు పట్టుకుని ఒక్కసారిగా కుడివైపుకి వెళ్లారు. పాదాల కింద చెక్క ఒరగడం తెలిసింది. సరంగు గట్టిగా అరిచాడు: "అందరూ అటే పోతే ఎట్టాగయ్యా? కూర్చోండి, కొండ యాడికీ పోదు!" పైన బరువు ఎక్కువైతే లాంచీకి నిలకడ తగ్గుతుంది. ఆ బరువు ఒక పక్కకి జరిగినప్పుడే అల గానీ గాలి గానీ తోడైతే, మళ్లీ నిటారుగా లేవడం కష్టం. జనం గొణుక్కుంటూ కూర్చున్నారు.

దీవిలో ముందు మ్యూజియంలో తీరిగ్గా గడిపాం. నాకు మాత్రం సున్నపురాతి శిల్పాలకంటే ఇక్ష్వాకుల కాలపు స్నానఘట్టం దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపించింది. నదిలోకి మెట్టు మెట్టుగా, కాలు జారకుండా దిగేలా రాతిపలకలు పరిచారు. పదిహేడు వందల ఏళ్ల కిందటి ఆ శ్రద్ధ ఇవాళ్టి ప్రతి రేవులోనూ ఉండాలని నా కోరిక.

తిరుగు ప్రయాణంలో గాలి లేచింది. అడ్డులేని నీళ్ల మీద గాలి ఎంత దూరం పరిగెత్తితే అల అంత ఎదుగుతుంది. తుంపర మా మొహాల మీద పడింది. సరంగు వేగం తగ్గించి, అలకి ఏటవాలుగా నడుపుతూ ఒడ్డు చేర్చాడు.

తర్వాతి ట్రిప్పు ఆపేశారు. ఒంగోలు నుంచి పిల్లలతో వచ్చిన ఒకాయన కౌంటరు దగ్గర గొడవపడుతున్నాడు. పిన్ని ఆయన దగ్గరికెళ్లి, "మేం ఇప్పుడే దాంట్లోంచి దిగామయ్యా, ఆపడమే మంచిదయింది. అనుపు చూశారా? ఒడ్డు మీదే ఉంది, పాత కట్టడాలు అక్కడా నిలబెట్టారు" అంది. మేమూ అటే వెళ్తున్నాం. ఆయన కాసేపు ఆలోచించి, అనుపుకి ఆటోవాడు ఎంత అడుగుతాడని కనుక్కున్నాడు.