మంటకు ఊపిరి ఎక్కడిది?

నిప్పుతో చేసే పనులలో ఎంత మంట కావాలో చేతికి త్వరగానే తెలుస్తుంది. ఆ మంటకు ఊపిరి ఎక్కడినుండి వస్తున్నదో మాత్రం చేయి పట్టించుకోదు. కమ్మరి కొలిమిలో ఈ రెంటికీ దూరం ఉండేది కాదు. తిత్తి ఊదినంతసేపు బొగ్గు ఎర్రబడేది, ఆపగానే మసకబారేది. గ్యాసు టార్చి వచ్చాక రెండూ విడిపోయాయి. మంట పనివాడి చేతిలో ఉంటుంది, దాని ఊపిరి పది గజాల వెనుక, గొలుసుతో కట్టిన సిలిండర్లలో ఉంటుంది. ఆ పది గజాల సంగతే ఈ టపా.

మా చిన్నమామయ్యకు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ఉంది. లారీలు, టిప్పర్లు, పొక్లెయిన్ బకెట్లు బాగుచేస్తారు. తుప్పుతో బిగుసుకుపోయిన పిన్నులను కాల్చి ఊడగొట్టడం, వంగిన మందపు రేకులను ఎర్రబరచి సరిచేయడం, వెల్డింగుకు ముందు బకెట్ అంచును వెచ్చబరచడం అక్కడ నిత్యకృత్యాలు. నేను ఒక కర్మాగారంలో యంత్రాల నిర్వహణ చూస్తుంటాను కనుక, సామాను కొనేముందు నాకొక మాట చెప్పడం ఆయనకు అలవాటు. కిందటి చలికాలంలో ఒకనాడు ఫోన్ చేశారు.

“ఒరే అల్లుడూ, వేడిచేసే పెద్ద నాజిల్ ఒకటి పాతసామాన్లో దొరికిందిరా. మొహం నిండా కన్నాలే, గులాబీ పువ్వు మాదిరి ఉంది. ఉన్న సిలిండరుకే తగిలిస్తే గంట పని పావుగంటలో అయిపోతుందంటున్నారు. తీసుకోనా?”

“రెండురోజులు ఆగండి మామయ్యా, నేనొచ్చి చూస్తాను” అన్నాను.

నేను తొందరపడి బయలుదేరడానికి కారణం నాజిల్ ఒక్కటే కాదు. ఆ షెడ్డులో ఇప్పుడు టార్చి పట్టుకునేది మామయ్య చిన్నకొడుకు. నాకు బావమరిది. వయసు 19 ఏళ్ళు. నాన్న చేతికి ఏది ఇస్తే దానితో పనిచేసే పిల్లవాడు.

ఎసిటిలీన్ స్వభావం తెలిస్తే తప్ప ఈ భయం అర్థం కాదు. దానిని మిగిలిన వాయువుల వలె ఉత్తి సీసాలో ఒత్తిపెట్టి బిగించలేము. ఒత్తిడి చదరపు అంగుళానికి 15 పౌండ్లు దాటితే, ఆక్సిజన్ తోడు లేకుండానే తనంత తాను విచ్ఛిన్నమై పేలగలదు. అందుకే సిలిండరు లోపల స్పంజు వంటి ఘనపదార్థాన్ని నింపి, అందులో ఎసిటోన్ అనే ద్రవాన్ని ఇంకించి, ఆ ద్రవంలో ఎసిటిలీన్‌ను కరిగిస్తారు. గోలీసోడాలో గ్యాసు కరిగి ఉన్నట్టే అన్నమాట. సోడాను ఒక్కసారిగా కొడితే నురుగుతో పాటు నీరూ ఎగదన్నుతుంది. ఎసిటిలీన్‌నూ తొందరపెట్టి లాగితే వెంట ఎసిటోన్ కొట్టుకువస్తుంది. ద్రవం తగ్గిన సిలిండరు తన భద్రతను తానే పోగొట్టుకుంటుంది.

ఈ స్పంజు పదార్థాన్ని మెరుగుపరచినవారిలో ముఖ్యుడు స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ దాలెన్. సముద్రపు దీపస్తంభాలను ఎసిటిలీన్‌తో వెలిగించే స్వయంచాలక నియంత్రకాలకు 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అదే సంవత్సరం ఎసిటిలీన్ ప్రయోగంలో జరిగిన పేలుడులో ఆయన చూపు పోయింది. బహుమతిని ఆయన సోదరుడు అందుకున్నాడు. ఆ వాయువును మచ్చిక చేసినవాడినే అది విడిచిపెట్టలేదు.

కనుక ఒక సిలిండరు గంటకు ఎంత ఇవ్వగలదన్నదే మొదటి ప్రశ్న. నిండు సిలిండరులో ఉన్నదానిలో ఏడో వంతు అన్నది చాలాకాలం వాడుకలో ఉన్న సూత్రం. తరువాత దానిని ఇంకా బిగించారు. ఆగి ఆగి వాడితే గంటకు పదో వంతు, ఏకధాటిగా వాడితే పదిహేనో వంతు మించరాదంటారు. సిలిండరులో 6 ఘనపు మీటర్లు ఉంటే, గంటకు 0.6 లేదా 0.4 మాత్రమే. గంటకు 2 ఘనపు మీటర్లు తాగే నాజిల్ తగిలించామనుకుందాం. ఆగి ఆగి చేసే పనికే 4 సిలిండర్లు కలిపి కట్టాలి, ఏకధాటిగా అయితే 5. మామయ్య దగ్గర ఉన్నది ఒకటి.

చాలని వాయువుతో పెద్ద నాజిల్ వెలిగిస్తే జరిగేది ఇంకొకటి ఉంది. కన్నాలనుండి వాయువు వెలికివచ్చే వేగం, మంట లోనికి పాకే వేగంకన్నా తగ్గిపోతుంది. అప్పుడు మంట బయట నిలవక నాజిల్ లోపలికి దూరుతుంది. మొదట టపటపమని చప్పుడు, ఆపైన సన్నని ఈల. వెంటనే ముందు ఆక్సిజన్‌ను, ఆ తరువాత ఇంధనాన్ని మూయకపోతే అది గొట్టం దారి పట్టి వెనక్కి పోవచ్చు. వెనక ఉన్నది సిలిండరు.

షెడ్డుకు వెళ్ళి చూశాను. నాజిల్ మీద తయారీదారు పేరూ, సంఖ్యా అరిగిపోయి ఉన్నాయి. సంఖ్య లేనిదే అది గంటకు ఎంత తాగుతుందో పట్టికలో చూడలేము, మన టార్చికి అది జతో కాదో చెప్పలేము. ఆ మాటే అన్నాను.

మామయ్య నవ్వారు. “ముప్పై ఏళ్ళుగా ఇదే సిలిండరు, ఇదే టార్చిరా. ఒక్కనాడైనా ఏమన్నా అయిందా?”

ఆయన మాటలో అబద్ధం లేదు. అయితే ఆ ముప్పై ఏళ్ళ సాక్ష్యం చిన్న నాజిల్‌కు చెందినది. అది ఏనాడూ సిలిండరును దాని శక్తికి మించి అడగలేదు కనుక సిలిండరు ఏనాడూ ఎదురుతిరగలేదు. ఆ మంచిపేరును తీసుకువచ్చి కొత్త నాజిల్‌కు పెట్టడం న్యాయం కాదు. ఇది చెప్పినప్పుడు ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే ఏం చేద్దామంటావు?” అన్నారు. బావమరిది చేతిలో పని ఆపి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

వెల్డింగుకు ఎసిటిలీన్ ఉండవలసిందే. దాని మంట 3,100 డిగ్రీల సెల్సియస్ వరకూ పోతుంది, ఆ వేడి మంట లోపలి మొనలో కేంద్రీకృతమై ఉంటుంది. ఇనుమును విశాలంగా వెచ్చబరచడానికి మాత్రం ఎల్‌పీజీ మేలు. మంట సుమారు 2,800 డిగ్రీలే అయినా, వేడి ఎక్కువ భాగం వెలుపలి మంటలో పరచుకుంటుంది. ఘనపు మీటరుకు ఎసిటిలీన్ సుమారు 55 మెగాజౌళ్ళ వేడినిస్తే, ప్రొపేన్ 90కి పైగా ఇస్తుంది.

అలాగని సిలిండరు మార్చితే సరిపోదు. ఎసిటిలీన్ నాజిల్‌ను ఎల్‌పీజీకి వాడరాదు. దాని మంట నిలకడగా ఉండటానికి మొన లోనికి పోయిన వేరే నాజిల్ కావాలి. ఎసిటిలీన్‌కు వాడే ఎర్రగొట్టాలన్నీ ఎల్‌పీజీని తట్టుకోవు, లోపలి రబ్బరు పాడవుతుంది. వంటింటి రెగ్యులేటరు పొయ్యికి సరిపడే స్వల్పమైన ఒత్తిడినే ఇస్తుంది, టార్చికి పనికిరాదు. వంటింటి 14.2 కిలోల సిలిండరును షెడ్డుకు తేవడం చట్టరీత్యా నేరం కూడా. వాణిజ్య అవసరాలకు 19 కిలోలది వేరే ఉంది. ఆక్సిజన్ ఖర్చూ పెరుగుతుంది. టార్చి గుండా ఎసిటిలీన్‌కు సుమారు సమానపాలు చాలితే, ప్రొపేన్‌కు నాలుగింతలు కావాలి. గంటకు ఒక ఘనపు మీటరు ప్రొపేన్ కాలిస్తే, 7 ఘనపు మీటర్ల ఆక్సిజన్ సిలిండరు రెండు గంటలు రాదు.

ఎల్‌పీజీ సిలిండరుకూ ఊపిరి మితమే. లోపలి ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. వేగంగా లాగితే సిలిండరు చల్లబడి పైన మంచు పేరుతుంది, ఒత్తిడి పడిపోతుంది. దానిని మంటతో వెచ్చబరచాలనే ఆలోచన మనసులోకే రానివ్వకూడదు. ఇంకొక సిలిండరు జతచేయడమే మార్గం.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసినది షెడ్డు మధ్యలో లారీల కింద పనిచేయడానికి తవ్విన గొయ్యి. ఎసిటిలీన్ గాలికన్నా కొంచెం తేలిక. ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ ఇంకా బరువు. కారిన ఎల్‌పీజీ నేలబారున పాకి గోతిలో నీరులా నిలుస్తుంది. ఒక అపాయాన్ని తప్పించుకోబోయి ఇంకొకదానిని గోతిలోకి పిలుచుకోకూడదు కదా.

సాయంత్రానికి ముగ్గురమూ కూర్చుని నిర్ణయించుకున్నాము. 19 కిలోల సిలిండర్లు రెండు, గోతికి దూరంగా, షెడ్డు వెలుపల గాలి ఆడే నీడలో నిలబెట్టి కట్టాలి. ఎల్‌పీజీకి తగిన రెగ్యులేటరు, గొట్టం, పేరూ సంఖ్యా స్పష్టంగా ఉన్న మధ్యరకం కొత్త నాజిల్ కొనాలి. రెండు గొట్టాలకూ మంటను వెనక్కి పోనివ్వని అరెస్టర్లు పెట్టాలి. అవి ఆ నాజిల్ తాగే ప్రవాహానికి చాలినవై ఉండాలి, లేకుంటే రక్షణకు పెట్టినదే ఊపిరిని నొక్కేస్తుంది. బకెట్ అంచులను వెచ్చబరచడానికి మాత్రం ఆక్సిజన్ జోలికే పోకుండా, గాలిని తానే లాక్కునే ఎల్‌పీజీ బర్నర్ వాడాలి. తెగిన ఎసిటిలీన్ గొట్టాన్ని రాగిముక్కతో అతికి ఉండటం చూసి దానిని అప్పుడే తీయించాను. రాగితో కలిస్తే ఎసిటిలీన్ తాకితే పేలే లవణమవుతుంది.

ఖర్చు పాత నాజిల్‌కన్నా చాలా ఎక్కువే అయింది. మామయ్య లెక్క చూసి నిట్టూర్చారు, కానీ కొడుకు వైపు ఒకసారి చూసి డబ్బు తీశారు. ఇప్పుడు బావమరిది వెలిగించే ముందు కీళ్ళన్నిటికీ సబ్బునీళ్ళు రాస్తాడు. వాసన ఏమైనా ఉందేమోనని గోతి దగ్గరికి వెళ్ళి ఒకసారి నిలబడతాడు. ఇది ఎవరూ చెప్పకుండా వాడంతట వాడు పెట్టుకున్న అలవాటు.

అన్నట్టు, ఈ గులాబీమొగం నాజిల్‌కు మన కార్ఖానాలలో ఏదైనా చక్కని తెలుగుపేరు వాడుకలో ఉందా? తెలిసిన చదువరులు చెప్పగలరు. నాజిల్ కొనబోయే బంధువులెవరైనా ఉంటే మాత్రం, “ఇది గంటకు ఎంత తాగుతుంది, మన సిలిండరు గంటకు ఎంత ఇస్తుంది?” అని ముందు అడగమనండి. రెండు అంకెలూ తెలిసేదాకా అగ్గిపుల్ల గీయవద్దనండి.