శ్రుతి లేనివాడి గ్రేడ్ వన్

38 ఏళ్ళ వయసులో, ఓ శనివారం పొద్దున్నే, ఇంగ్లండులో ఒక చర్చి హాలు బయట కుర్చీలో కూచుని చేతులు రుద్దుకుంటున్నాను. పక్కన రెండు జడల పిల్ల, మహా అయితే ఎనిమిదేళ్ళుంటాయి. "మీ పాప లోపలుందా?" అంది వాళ్ళమ్మ. "కాదండీ, పరీక్ష నాదే" అన్నాను. నవ్వాపుకోడానికి ఆవిడ పడ్డ పాట్లు నేను చూడనట్టే ఊరుకున్నాను.

1889లో పుట్టిన ఏబీఆర్ఎస్ఎం వాళ్ళ పియానో పరీక్ష అది. మొత్తం 150 మార్కులు, 100 వస్తే పాసు. మూడు పీసులకి తలా 30, స్కేల్సుకి 21, ముందెన్నడూ చూడని ముక్కని అర నిమిషం చూసుకుని వాయించడానికి 21, వినికిడికి 18. వేళ్ళ గురించి బెంగ లేదు, పదిహేనేళ్ళుగా కీబోర్డు మీద ఆడుతున్నవే (ఆ కీబోర్డు వేరనుకోండి). భయమంతా ఆ 18 మార్కులతోనే. ఎగ్జామినరు చిన్న ముక్క వాయిస్తే వెంటనే గొంతెత్తి పాడాలిట.

నేను, పాడడం! చిన్నప్పుడు అమ్మ ఇంట్లో సంగీతం చెప్పేది. అక్కతో పాటు నేనూ వెళ్ళి కూచుంటే, రెండో రోజే "నీకు శ్రుతి నిలవట్లేదురా, పోయి లెక్కలు చేసుకో" అంది. చేసుకున్నాను. ఆ లెక్కలే ఇంతదూరం తీసుకొచ్చాయి. కానీ ఆ తర్వాత బాత్రూంలో కూడా పాడలేదు.

"రోజూ ఎవరితోనైనా సాధన చెయ్యి" అంది మా టీచరు. మా ఆవిడ చేతులెత్తేసింది. ఇక దిక్కెవరు? విజయవాడకి వీడియో కాల్ చేశాను. మేజర్ స్కేలంటే మన శంకరాభరణమేనని తెలిశాక అమ్మకి హుషారొచ్చింది. రెండు దెబ్బల నడకా, మూడు దెబ్బల నడకా చెప్పాలంటే, "ఆదితాళంలా ఉందా, రూపకంలా ఉందా చూసుకో, అంతే" అని తేల్చేసింది.

కలిసి చప్పట్లు కొడదామంటే మాత్రం కుదిరేది కాదు. "తాళం తప్పుతున్నావు." "నేను కాదమ్మా, నెట్టు!" ఒకరి తర్వాత ఒకరం పాడుకుంటే సరిపోయేది. ఆవిడ ఒక ముక్క, తిరిగి నేను.

ఓ రోజు నేను పాడాక అటునించి ఉలుకూ పలుకూ లేదు. "అమ్మా, వినబడుతోందా?"

"వినబడిందిరా. శ్రుతిలోనే ఉంది." కాసేపాగి, "ఆ రోజు ఇంటినిండా పిల్లలు, పొయ్యి మీద పాలు... విసుక్కున్నాను. ఇంకో నాల్రోజులు కూచోబెట్టాల్సింది" అంది.

ఆ మాట ఆవిడకీ గుర్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

పరీక్షలో ఏమైందంటారా? వాయించింది ఆగగానే లయ తప్పకుండా అందుకోవాలి. నాకేమో మూడు నెలలుగా నెట్టు కోసం ఒక క్షణం ఆగడం అలవాటైపోయింది! మూడుసార్లూ ఆగాను. వినికిడికి 13 వచ్చాయి, మొత్తం 112. పాసే. స్వరాలు సరిగ్గా ఉన్నాయనీ, అందుకోవడమే ఆలస్యమైందనీ రాశారు.

అమ్మకి చదివి వినిపించాను.

"ఆ ఆలస్యం నా లెక్కలో వేసుకోమను" అంది. వెంటనే, "రెండో గ్రేడు ఎప్పుడు?" అని కూడా అడిగింది.