లోపాన్ని దాచిన మర

గత రంజాన్ మాసం మా ప్రాంతంలో మిర్చి కోతల నడుమ వచ్చింది. ఆ రోజుల్లో నరసరావుపేట, చిలకలూరిపేటల మధ్య పల్లెదారులు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కళ్లాల్లో ఎర్రగా పరచిన కాయలు, గుంటూరు యార్డుకు టిక్కీలు మోసుకుపోయే లారీలు, నల్లరేగడి దుమ్ము, జిన్నింగు మిల్లుల దగ్గర గాలిలో తేలే దూది పీచు. ఆ దారినే నేను రోజూ బడికి వెళ్ళి వస్తాను.

నా మోటారు సైకిలు పదిహేనేళ్ళ నాటిది, కార్బురేటర్ గల 100 సీసీ బండి. ఆ నెల మొదటి వారంలో దానికొక జబ్బు మొదలైంది. ఉదయం చక్కగా స్టార్టయ్యేది. నాలుగైదు కిలోమీటర్లు నడిచి వేడెక్కాక, ఎక్కడైనా యాక్సిలరేటర్ వదిలితే చాలు, రెండుమూడు సార్లు వణికి ఆగిపోయేది. చోక్ కాస్త లాగితే మాత్రం నిలబడేది.

నాకు తెలిసినంతలో పరీక్షించాను. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే దుమ్ము, దూది పీచు కలిసి అట్టకట్టి ఉన్నాయి. కొత్తది వేశాను. ప్లగ్గు విప్పి చూశాను. దాని మొన నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లబారితే గాలి ఎక్కువవుతున్నట్టు, లేత గోధుమ రంగులో ఉంటే రెండూ సమంగా ఉన్నట్టు. నా ప్లగ్గు తెల్లగా ఉంది. చోక్ చేసే పని గాలిని తగ్గించడమే. చోక్ లాగితే బండి నిలబడుతోందంటే, ఎక్కడినుంచో గాలి అదనంగా చేరుతోందని, లేదా పెట్రోలు తక్కువగా అందుతోందని అర్థం. రెండు ఆనవాళ్ళూ ఒకే మాట చెబుతున్నాయి. అక్కడితో ఆగి మెకానిక్ దగ్గరికి వెళ్ళవలసింది.

నేను వెళ్ళలేదు. కోతల కాలంలో మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చోవాలి, పండుగ ఖర్చులు ముందున్నాయి, పైగా నాకు తెలుసునన్న గర్వం ఒకటి. స్క్రూడ్రైవర్ తీసుకుని ఐడిలింగ్ మరను తిప్పాను. ఇంజను వేగం పెరిగింది, ఆగిపోవడం మానింది. "బాగుచేశాను" అని ఇంట్లో చెప్పాను. నిజానికి నేను బాగుచేయలేదు, లోపాన్ని దాచాను.

నాలుగవ రోజు సాయంత్రం మా అమ్మాయిని వెనుక కూర్చోబెట్టుకుని ఇఫ్తార్ వేళకు ఇల్లు చేరాలని వస్తున్నాను. ఒక మలుపు దగ్గర అలవాటుగా యాక్సిలరేటర్ వదిలాను. ఇంజను నెమ్మదించలేదు, అదే రొదతో ముందుకు నెట్టింది. బ్రేకు గట్టిగా వేసేసరికి బండి జారి రోడ్డు వార కళ్లంలోకి పోయింది. అక్కడ కాయలు ఏరుతున్న ఒక వృద్ధురాలు తట్ట వదిలి పక్కకు దూకింది. జానెడు దూరంలో బండి ఆగింది. అల్లాహ్ దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆమె తిట్టలేదు. "ఎనకాల బిడ్డను పెట్టుకుని, ఆగని బండెక్కుతావా నాయనా?" అని మాత్రం అన్నది. ఆ రోజు ఖర్జూరపు పండు నా గొంతు దిగలేదు.

బిస్మిల్లాహ్ అనే బయలుదేరాను కదా అని మనసు సర్దుకోబోయాను. కాని, ఒంటెను ముందు కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (స) బోధన. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి తానే బాధ్యుడని కూడా ఆయన (స) హెచ్చరించారు. ఆ వృద్ధురాలికి ఏమైనా అయివుంటే రేపు అల్లాహ్ ఎదుట నేనేమని జవాబు చెప్పేవాణ్ణి?

మా నాన్న దూదేకేవారు. విల్లు నారి మోగే తీరును బట్టి దూదిలో చెమ్మ ఉన్నదీ లేనిదీ చెప్పేవారు. నారి తెగితే మాత్రం తాను ముడి వేసేవారు కాదు, పేనేవారి దగ్గరికే తీసుకువెళ్ళేవారు. వినడం ఒక విద్య, సరిచేయడం ఇంకొక విద్య అని ఆయనకు తెలుసు. నేను మొదటిది కొంచెం నేర్చుకుని, రెండవది కూడా వచ్చిందనుకున్నాను.

మరునాడు బండిని మెకానిక్ దగ్గరికి నడిపించుకుంటూ తీసుకువెళ్ళాను. ఆయన పనిముట్టు పట్టకముందే అడిగారు: "మాష్టారూ, చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకా? ఈ స్క్రూ ఎవరు తిప్పారు?" చెప్పడానికి సిగ్గుపడ్డాను. కాని వైద్యుని దగ్గర దాస్తే రోగం తేలదు కదా, అంతా చెప్పాను.

కార్బురేటర్‌ను ఇంజనుకు కలిపే చోట క్లీనర్ కాస్త చల్లగానే ఇంజను శబ్దం మారిపోయింది. అక్కడి రబ్బరు పగిలి ఉంది. వేడికి ఆ పగులు విచ్చుకుని గాలి దొంగదారిన లోపలికి పోతోంది. బండి ఆగిపోవడానికీ, నేను మర బిగించాక వేగం దిగకపోవడానికీ కారణం అదే. రబ్బరు మార్చి, పైలట్ జెట్ శుభ్రం చేశారు. టాపెట్ల సందు మిల్లీమీటరులో పదోవంతుకన్నా తక్కువ, ఇంజను పూర్తిగా చల్లారితేగాని కొలవకూడదని బండిని రాత్రికి ఉంచుకున్నారు. మర్నాడు 750 రూపాయలు తీసుకుని, పగిలిన రబ్బరును నా చేతిలో పెట్టారు. "నా మాట కాదు, మీరే చూసుకోండి" అన్నారు. వ్యాపారంలో నిజాయితీ అంటే నా విద్యార్థులకు చూపడానికి ఆ ముక్కను దాచుకున్నాను.

ఫిల్టర్ దులపడం, ప్లగ్గు చూడడం, ఏ వేళ ఏ శబ్దం వస్తోందో గుర్తుపెట్టుకోవడం మనం చేయవచ్చు. అవి చేసినా లోపం పోకపోతే, మర తిప్పి కప్పిపుచ్చడం తగదు. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో చాలావాటికి కార్బురేటరే లేదు. పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది గనుక వాటికి స్కానరున్న సర్వీసు కేంద్రమే గతి. తెలియనిది తెలిసినవారిని అడగాలన్న దివ్యఖుర్ఆన్ ఆదేశం ధర్మసందేహాలకే పరిమితమని నేనిక అనుకోను.

వారం తరువాత అదే మలుపు దగ్గర బండి ఆపాను. ఐడిలింగ్ మెత్తగా, నిలకడగా పలుకుతోంది. ఆ వృద్ధురాలు కళ్లంలోనే ఉంది. క్షమించమని అడిగాను. ఆమె బండి వంక చూసి, "ఇప్పుడాగుద్దా?" అని నవ్వింది. "ఆగుద్ది అవ్వా" అని మా అమ్మాయి నాకన్నా ముందు జవాబిచ్చింది.

మన చేతిలోని వాహనమూ, వెనుక కూర్చున్న ప్రాణమూ, దారిన పోయే ప్రాణమూ మనకు అప్పగించిన అమానత్‌లే. వాటిని కాపాడే వివేకాన్నీ, తెలియనిది తెలియదని ఒప్పుకునే వినయాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.