పలుపు విప్పిన చేయి

వరదనీరు గొడ్లసావిడిలో చొరబడినప్పుడు రైతు చేయవలసిన మొదటి పని పలుపు విప్పడం. కట్టుకొయ్యకు బిగిసివున్న పశువుకు చావు తప్పదు; విడిచిన పశువుకు ఈది మెరకకు చేరే అవకాశం ఉన్నది.

1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనలో మా నాయనమ్మ ఆ పనే చేసింది. రెండు పాడిగేదెల పలుపులూ విప్పింది. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. నష్టాల జాబితా వ్రాయడానికి వచ్చిన ఉద్యోగి, "కళేబరాలేవి?" అని అడిగాడట. పొరుగువారి గేదె కట్టుకొయ్య దగ్గరే చచ్చి పడివున్నది. దానికి సహాయం మంజూరైనది. "తాడు విప్పడమే నేను చేసిన నేరమా, నాయనా?" అని ఆమె అడిగిన మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాము.

ఆ ఉద్యోగిని నిందించలేము. ప్రజాధనానికి లెక్క ఉండాలి. కేంద్రప్రభుత్వం 2022–26 కాలానికి నిర్ణయించిన విపత్తు సహాయ ప్రమాణాలలో పాడిగేదెకు 37,500 రూపాయలు, గొర్రెకు, మేకకు 4,000 రూపాయల చొప్పున ఉన్నవి. ఒక కుటుంబానికి మూడు పెద్ద పాడిపశువులు లేదా ముప్పై చిన్నవి మించకూడదు. ఆ సొమ్ముతో మంచి గేదె రావడం కష్టమే. అయినా పాలమ్మి బ్రతికే ఇల్లాలికి అది బయానా వంటిది. కళేబరం కనబడకపోతే ఆ కొంచెం కూడా సందేహమే.

నేడు పశువుల చెవులకు పన్నెండంకెల గుర్తింపు బిళ్ల వేసి, యజమాని పేరుతో నమోదు చేస్తున్నారు. టీకాల లెక్కకు పనికివచ్చే ఆ చిట్టా వరద తరువాత సాక్ష్యం కూడా కావాలి. ప్రభుత్వమే వ్రాసుకున్న పశువు కనబడనప్పుడు, గ్రామస్థుల పంచనామాతో ఆ నష్టాన్ని అంగీకరించవచ్చు. పశువును బ్రతికించబోయిన రైతు, కట్టి ఉంచినవానికన్న అధికంగా నష్టపోవడం న్యాయం కాదు.