లక్కూరులో 40 దినాలు

మన కాలనీలో మాలూరు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని లక్కూరు తెలిసినవాళ్ళు తక్కువ. కోలారు జిల్లా, మాలూరు తాలూకాలో అదొక హోబళి ఊరు. బెంగళూరులో రైలెక్కి మాలూరులో దిగి బస్సు పట్టుకోవల్ల. మాలూరు అంటేనే పెంకులు, ఇటుకలు. ఆ పొగగొట్టాలు దాటినాక నీలగిరి తోపులు, రాగి చేలు. హొసూరు పక్కనే కాబట్టి అంగడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, నడుమ అరవం కూడా వినిపిస్తుంది. నా చెల్లెలిని ఆ ఊరికే ఇచ్చినాము.

పోయిన సంవత్సరం నేను అక్కడ 40 దినాలు ఉన్నాను. చుట్టపుచూపుకు కాదు. చెల్లెలి కూతురికి రొమ్ము క్యాన్సర్ అని తేలి బెంగళూరులో మందు ఎక్కిస్తా ఉన్నారు. రెండో మారు ఎక్కించేలోపలే జుట్టంతా రాలిపోయింది.

లక్కూరు హోబళిలోనే చిక్క తిరుపతి ఉంది. ఖాండవ వనం కాల్చిన తరువాత అగ్నిదేవుడు పోయిన తన తేజస్సును ఇక్కడ స్వామిని కొలిచి తిరిగి పొందినాడని స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో కాలు పెట్టే సందు ఉండదు. అందుకే ఆ పక్క ఆడవాళ్ళు గుండుతో కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. "మొక్కు తీరిందా?" అంటారు, అంతే. మా అమ్మాయి కూడా మొదట్లో "తీరింది" అనేసింది. అయితే మొక్కు గుండుకు నెల తిరిగేసరికి వెంట్రుకలు పొడుచుకొని వస్తాయి. ఈమెకు రాలేదు, కనుబొమలు కూడా పోయినాయి. నాలుగో నెలకు జనం అడగడం మానేసి చూడడం మొదలుపెట్టినారు. పిల్లోడి స్కూలు మీటింగుకు పోనని తలుపేసుకుంది.

అంగళ్ళలో విగ్గులు చూసినాము. అసలు వెంట్రుకలవి మా చేతికి అందే ధర కాదు. నైలాన్‌ది ఒకటి పెట్టి చూస్తే, ఊళ్ళలో కురుక్షేత్రం నాటకానికి బాడుగకు తెచ్చే విగ్గు మాదిరి ఉంది. "మామా, దీనిమీద కిరీటం కూడా పెట్టుకోవల్ల" అని నవ్వింది. అప్పుడే నేను చేస్తానన్నాను.

మందు మొదలుపెట్టక ముందే ఆమె జడ కత్తిరించి, మొదలు వైపు దారంతో కట్టి పెట్టుకొని ఉండింది. ఆ దారమే ముఖ్యం. వెంట్రుక మీద చేప పొలుసుల మాదిరి ఉంటాయి, అన్నీ మొదలు నుంచి కొన వైపుకు. మొదళ్ళూ కొనలూ తారుమారుగా కలిస్తే ఒకదాన్ని ఒకటి పట్టుకొని ముద్ద అవుతాయి. ఉన్ని మిల్లులో చేసినవాళ్ళకు ఇది చెప్పే పని లేదు. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలకంటే కోసిన జడకు విలువ ఎక్కువ ఉండేది ఇందుకే. తిరుమల కల్యాణకట్ట వెంట్రుకలను పొడవు ప్రకారం వేరుచేసి వేలం వేస్తారు. అవి సముద్రాలు దాటి పోతాయి. 2004లో యూదుల గురువులు, దేవుడికిచ్చిన వెంట్రుకల విగ్గులు తమ ఆడవాళ్ళు పెట్టుకోకూడదు అంటే అమెరికా వీధుల్లో విగ్గులు కుప్పపోసి కాల్చినారు.

జడను తక్కెడలో పెడితే 80 గ్రాములే. నూరు పైన కావల్ల. ఒక శనివారం చిక్క తిరుపతికి పోయినాను. తలనీలాలు తీసే తావున తడి జడలు కిందపడతా ఉంటే కొంచెంసేపు నిలబడినాను. ఒక పిడికెడు అడుగుదామా అనిపించింది. దేవుడి సొత్తు, అడగలేదు. ఇంటికి వచ్చి ఆ మాట చెప్తే చెల్లెలు ఏమీ అనకుండా కత్తెర తెచ్చింది. ఆమె జడలో నెరిసినవి కూడా ఉండాయి. ఏరవద్దని అమ్మాయే చెప్పింది.

తలకు పల్చటి పాలిథిన్ కవరు చుట్టి, పైన సెల్లోటేపు అడ్డం నిలువు అతికించి, నుదుటి గీత, చెవులు పెన్నుతో గుర్తుపెట్టి తీస్తే తల అచ్చు వస్తుంది. ముక్కుకు, నోటికి కవరు తగలకూడదు. దాంట్లో పాత గుడ్డలు కుక్కి, మీద చిక్కపేటలో కొన్న సన్న నెట్టు గుడ్డ గుండుసూదులతో బిగించినాను. అంచుకు మెత్తటి నూలు పట్టీ. ఆ మందు ఎక్కినవాళ్ళ తల తోలు పసిబిడ్డ తోలు మాదిరి ఉంటుంది.

వెనకవైపుకు సవరం పని. రెండు కర్రల నడుమ మూడు దారాలు లాగి కట్టి, వెంట్రుకలను కిందికీ పైకీ దూర్చి బిగించాలి. పడుగు మూడే పోగులు, పేక అంతా వెంట్రుకలు. ఆ పట్టీలు మెడ నుంచి పైకి వరసగా కుట్టాలి.

ముందరి భాగమే కష్టం. నేను మిల్లులో డ్రాయింగులో చేసినవాణ్ణి. ఒక్కొక్క పోగును హీల్డు కంటిలో నుంచి, రీడు పంటి సందులో నుంచి కొక్కెంతో లాగడమే బతుకంతా. ఇది అంతకంటే సన్నం. వెంట్రుకను మడిచి పట్టుకొని, కొక్కేన్ని నెట్టు పోగు కిందుగా దూర్చి, మడతను ఇవతలికి లాగాలి. మళ్ళీ కొక్కెంతో రెండు కొసలూ పట్టి ఆ మడతలో నుంచి తీసి బిగిస్తే ముడి. వెనక భాగంలో ముడికి మూడు నాలుగు వెంట్రుకలు, నుదుటి దగ్గర ఒక్కొక్కటే. మిల్లులో ఒక పోగు తప్పితే గుడ్డంతా గీత పడేది. ఇక్కడ తప్పించుకుంటా పోవల్ల. నుదురు మీద స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే దూరం నుంచే విగ్గని తెలిసిపోతుంది.

పొద్దున ఎండ బాగుండే వేళ అరుగు మీద కూర్చునేవాణ్ణి. "అన్నా, మగోడివి జడలు అల్లుతా ఉండావే" అని దారినపోయేవాళ్ళు. వాళ్ళలోనే ఒకాయన కన్నడం పేపరు చదివి వినిపించేవాడు, పని సాగింది.

36వ దినం ఆమె తలకు పెట్టినాము. అద్దంలో చాలాసేపు చూసుకొని, "పాపిట కొంచెం పక్కకు పోయింది మామా" అనింది. రెండు వరసలు విప్పి సరిచేసినాను. ఆ వారమే స్కూలుకు పోయింది. టీచరమ్మ వీళ్ళ పిల్లోడికి లెక్కల్లో మార్కులు రాలేదని అరగంట తిట్టిందంట. తల సంగతే ఎత్తలేదని ఇంటికి వచ్చి పగలబడి నవ్వింది.

చేసుకునేవాళ్ళకు ఒక మాట. పొయ్యి దగ్గర తీసి పెట్టాలి. ఎప్పుడన్నా ఒకసారి షాంపూ నీళ్ళలో ముంచి, రుద్దకుండా తీసి, నీడలో ఆరేయాలి.

మందు అయిపోయినాక ఆమెకు జుట్టు వచ్చేసింది, ముందుకంటే ఉంగరాలుగా. ఆ విగ్గు ఇప్పుడు మాస్తి పక్క ఇంకొక ఇంట్లో ఉంది. ఆమె తల కొంచెం పెద్దదంట. చెవుల దగ్గర కుట్టు విప్పి ఎలాస్టిక్ వేయాలి. వచ్చే నెల మళ్ళీ పోతాను.