రెండు బళ్లు, ఒకే ధర

ఒకే ధరకు రెండు బళ్లు కనిపిస్తే ఏది కొనాలి? మా తండాలో ఆరు కుటుంబాల వాళ్లం 2024లో రెండు నెలల పాటు ఈ మాటే మాట్లాడుకున్నాం. కూలి డబ్బు, పొదుపు సంఘం అప్పు, ఒకరి మేకలు అమ్మగా వచ్చిన సొమ్ము కలిపి ఒక కరెంటు ఆటో కొనాలనుకున్నాం. అంత డబ్బు ఒకే వస్తువు మీద పెట్టడం మా ఆరు ఇళ్లలో ఎవరికీ అలవాటు లేదు. అందుకే ఎలా తేల్చుకున్నామో రాస్తున్నాం. రేపు మన పిల్లలు ఇంకో తండాలో, ఇంకో గూడెంలో ఇదే పని చేస్తారు. వాళ్లకు పనికొస్తుంది.

మాది నరసరావుపేటకు, వినుకొండకు మధ్య మెట్ట నేల. 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత పల్నాడు జిల్లా. చుట్టూ పత్తి, మిరప. మా వాళ్లలో సొంత పొలం ఉన్నవాళ్లు తక్కువ, పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లేవాళ్లే ఎక్కువ. సుగాలీలకు బండి కొత్తేమో గాని రవాణా కొత్త కాదు. రైళ్లు రాకముందు మా పెద్దలు లదేణి నడిపారు. ఎడ్ల మీద ఉప్పు వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి సీమలకు, ధాన్యం వేసుకుని తిరిగి ఇటు నడిచారు. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసేవాళ్లు, గిట్టలు చూసేవాళ్లు, కొంత దూరం నడిపించి చూసేవాళ్లు. ధర ఆ తర్వాతి మాట. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది, ఆ చూపు కూడా చాలామందిలో పోయింది. ఈ ఆటో పుణ్యమా అని అది మాకు మళ్లీ అవసరమైంది.

మా ముందు నిలిచినవి రెండు. ఒకటి మహీంద్రా ట్రియో ప్లస్, రెండోది బజాజ్ ఆర్‌ఈ ఈ-టెక్ 9.0. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కలిపి రోడ్డు మీదకు వచ్చేసరికి రెండూ మూడున్నర లక్షల చుట్టుపక్కలే తేలాయి. రెండింటిలోనూ డ్రైవరు కాక ముగ్గురే కూర్చోవాలి. రెండింటికీ వెనక చక్రాలకే మోటారు బలం అందుతుంది, ముందు చక్రం దారి తిప్పడానికే. ట్రియో ప్లస్ బ్యాటరీ 10.24 యూనిట్లది, బజాజ్‌ది 8.9 యూనిట్లది. బజాజ్‌కు రెండు గేర్లున్నాయి, అవి వాటంతటవే మారతాయి.

యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. కంపెనీవాళ్లు కిలోవాట్ అవర్ అని రాస్తారు. ఈ ఒక్క మాట తెలిస్తే బ్యాటరీ కాగితం సగం అర్థమైనట్టే. బ్యాటరీ ఒక కుండ అనుకోండి, యూనిట్లు అందులో పట్టే నీళ్లు. ఒకసారి నింపితే ఎంత దూరం పోతుందో బండి బరువు, ఎక్కినవాళ్ల బరువు, దారి, వేగం చెబుతాయి.

కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే ఒక వింత కనిపించింది. చిన్న బ్యాటరీ ఉన్న బండికి 178 కిలోమీటర్లు అని ఉంది. పెద్ద బ్యాటరీ ఉన్నదానికి 150 అని ఉంది. పెద్ద కుండలో నీళ్లు తక్కువ రోజులు రావడమేంటని మా పిల్లలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ రెండు అంకెలూ ఒకే కొలతవి కావు. ఒకటి పరీక్షలో తేలిన దూరం. రెండోది రోడ్డు మీద దొరుకుతుందని కంపెనీ చెప్పే దూరం. పరీక్షలో గుంతలుండవు, ఎదురుగాలి ఉండదు, ముగ్గురు మనుషుల ఒళ్లో మూడు మూటలుండవు. ఇంకో మానికతో కొలిచిన గింజలతో మన మానిక గింజలను పోల్చకూడదు. అప్పటి నుంచి ఎవరు దూరం చెప్పినా, అది పరీక్ష దూరమా, రోడ్డు దూరమా అని అడగడం నేర్చుకున్నాం.

తర్వాత మా దారిని కాగితం మీద వేసుకున్నాం. తండా నుంచి నరసరావుపేటకు 26 కిలోమీటర్లు. పొద్దున ఒకసారి వెళ్లి రావాలి, ఆసుపత్రికి, బ్యాంకుకు, కాలేజీకి వెళ్లేవాళ్లతో. మధ్యాహ్నం ఇంకోసారి. రెండు రాకపోకలకు 104 కిలోమీటర్లు. ఇది చాలనుకున్నాం. అప్పుడు మాలో పెద్దామె ఒక మాట అడిగింది. మేమంతా ఆమెను యాడీ అనే పిలుస్తాం.

"పగలంతా తిరిగొచ్చిన బండి, రాత్రి పురుటి నొప్పులొస్తే కదులుతుందా?"

ఆ మాటతో లెక్క మారిపోయింది. 104 కాదు, 130 కావాలి. ఆఖరి 26 కిలోమీటర్లు ఎవరికీ అమ్మని దూరం. రాత్రికి దాచుకోవాల్సిన దూరం. పైగా బ్యాటరీ కొత్తలో ఉన్నట్టు ఎప్పటికీ ఉండదు. వాడేకొద్దీ ఏటేటా కొంత పట్టు తగ్గుతుంది. అప్పు తీరే నాలుగో ఏట కూడా ఆ రాత్రి దూరం మిగలాలంటే కుండ పెద్దదిగా ఉండాలి. మేం ట్రియో ప్లస్ వైపు మొగ్గింది ఇందుకే.

అందరికీ అదే మంచిదని మేం చెప్పడం లేదు. దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమల అంచున ఉండేవాళ్లకు ఎత్తుపల్లాలు ఎక్కువ. అక్కడ రోజుకు అరవై, డెబ్బై కిలోమీటర్లు తిరిగేవాళ్లయితే, చడావు ఎక్కడానికి సాయపడే చిన్న గేరున్న బండినే ముందు చూడాలి. మాది చదును నేల కాబట్టి ఆ గేరుకు మేం ఎక్కువ విలువ కట్టలేదు. ధర ఒకటే అయినప్పుడు మంచి బండి ఏదో మన దారి చెబుతుంది.

కొనేముందు రెండు బళ్లనూ మా దారిలోనే నడిపించి చూశాం. షోరూము ముందున్న సిమెంటు రోడ్డు మీద ఏ బండయినా బాగానే పోతుంది. ముగ్గురం ఎక్కి, మూటలు పెట్టుకుని తండా దాకా వచ్చాం. దూరం కాగితంలో ఉన్నంత రాదని రెండింటిలోనూ తెలిసింది. ఎంత రావచ్చో కూడా తెలిసింది, కావలసింది అదే.

కరెంటు విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఇది మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 200 యూనిట్లలోపు వాడే ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు కరెంటు ఉచితం. ఆటోను ఇంటి మీటరుకే తగిలిస్తే ఏమవుతుంది? బ్యాటరీ నిండడానికి 10 యూనిట్లు, మధ్యలో పోయేది కలిపితే 12 దాకా అనుకోవాలి. నెలకు 25 రోజులు నింపితే 300 యూనిట్లు. ఇంట్లో బల్బు వేయకపోయినా హద్దు దాటిపోతుంది. ఆరు ఇళ్ల బండి కోసం ఒక ఇంటి ఉచిత కరెంటు పోకూడదు. అందుకని తారు రోడ్డు పక్కనున్న ఇంటి దగ్గర వేరే మీటరు పెట్టించాం. ఆ ఖర్చును బండి ధరలో కలిపే చూసుకున్నాం.

చార్జింగు తారు రోడ్డు దగ్గర పెట్టడానికి ఇంకో కారణం మా నేల. నల్లరేగడి ఎండితే నెర్రెలు తీస్తుంది, తడిస్తే జిగురవుతుంది. వాన పడిన రోజు తండా నుంచి తారు రోడ్డు దాకా ఉన్న మట్టి దారిలో మూడు చక్రాల బండి దిగబడిపోతుంది. ముందు చక్రానికి బలం ఉండదు, వెనక చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. వానాకాలంలో ఆటో తారు రోడ్డు దగ్గరే ఉంటుంది. రోగిని అక్కడిదాకా ఎడ్లబండి మీదో ట్రాక్టరు మీదో తెస్తాం.

బండి కొన్న ఏడాదికి, 2025 జూన్‌లో, టాటా హారియర్ కరెంటు కారు వచ్చింది. అందులో పై రకానికి ముందు ఒక మోటారు, వెనక ఒక మోటారు. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. బురదలో, ఇసుకలో అది ఎక్కే వీడియోలు మా కుర్రాళ్లు ఫోన్లో చూసి, కొంటే ఇలాంటిది కొనాలన్నారు. వాళ్ల మాట తీసిపారేయలేదు. నాలుగు చక్రాలకూ బలం అంటే ఏమిటో వివరించాం. ఒక చక్రం జారుతున్నప్పుడు పట్టు దొరికిన చక్రం బండిని లాగుతుంది. మా మట్టి దారికి సరిగ్గా అలాంటిదే కావాలి. ఆ కారు షోరూము ధర అప్పుడు 28 లక్షల 99 వేలు. అంటే మా ఆటోల్లాంటివి ఎనిమిది. ఏడాదిలో బురద ఉండే కొన్ని రోజుల కోసం అంత పెట్టడం కన్నా ఆ మట్టి దారికి గ్రావెలు అడగడం మేలని వాళ్లే అన్నారు. అర్జీ వాళ్లే రాశారు, ఆరు ఇళ్లవాళ్లం సంతకాలు పెట్టాం. ఆ దారి బాగుపడితే ఒక్క మా ఆటోకే కాదు, బడికి నడిచే పిల్లలకూ పనికొస్తుంది.

ఇక కాగితాల పని. 2018 అక్టోబరు నుంచి బ్యాటరీతో నడిచే రవాణా బళ్లకు పర్మిట్ అక్కర్లేదు. లైసెన్సు, రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు మాత్రం ఉండాల్సిందే. బ్యాటరీ గ్యారంటీని రాతలో తీసుకోవాలి. ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది అని చదివి చూసుకోవాలి. బాగుచేసే మనిషి ఎక్కడి నుంచి వస్తాడో, ఎన్ని రోజుల్లో వస్తాడో కొనకముందే అడగాలి. ఆటో రెండు రోజులు ఆగితే మా ఆరు ఇళ్లకూ రెండు రోజుల రాబడి ఆగినట్టే. బండి ఎవరి పేరు మీద ఉండాలన్న మాట దగ్గర కొంచెం వాదన జరిగింది. అప్పు పొదుపు సంఘం ఆడవాళ్ల మీద ఉన్నప్పుడు బండి కూడా వాళ్ల పేరు మీదే ఉండాలని తేల్చాం. నడిపేవాళ్లు ఇద్దరికీ రోజు కూలి, మిగిలిన దానిలో అప్పు వాయిదా, కొంత బ్యాటరీ కోసం వేరే డబ్బాలో.

టీచర్లకు ఒక మనవి. ఎనిమిదో తరగతి లెక్కల్లో ఇవన్నీ ఉన్నాయి. యూనిట్లు, దూరం, వడ్డీ, శాతం. ఊళ్లో ఉన్న ఒక బండిని బడి ముందు నిలిపి ఈ లెక్కలు చేయించండి. ఇంట్లో అప్పు కాగితం చదవాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లే పెద్దదవుతుంది.

చివరిగా ఒక కట్టుబాటు. జనవరి నుంచి మిరప కోతలు మొదలవుతాయి. తెల్లవారక ముందే మేస్త్రీలు వస్తారు, పది మందిని ఎక్కించుకు రమ్మంటారు. డబ్బు ఎక్కువ ఇస్తామంటారు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరప కోసి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొంది. తొమ్మిది మంది పోయారు. వాళ్లూ మనలాగే పని ముగించుకుని ఇంటికి వస్తున్నవాళ్లు. మేం ఏ బండి కొన్నా అందులో సీట్లు మూడే. నాలుగో మనిషిని ఎక్కించకూడదని బండి తెచ్చిన రోజే ఆరు ఇళ్లవాళ్లం అనుకున్నాం. కోతల కాలంలో ముగ్గురిని దించి మళ్లీ వస్తాం. రాబడి కొంచెం తగ్గుతుంది. మా పుస్తకంలో ఆ తగ్గినదాన్ని నష్టం కింద రాయడం లేదు.